గుంత తవ్వితే సరిపోదు

ఈ వారం అనుమసముద్రంపేటలో ఒక మాట విని చిరాకేసింది. "సోమశిల హైలెవెల్ కాలువ వచ్చిందంటే ఇక్కడి మెట్టంతా మాగాణే" అంటూ ఒకాయన ఎకరా ధర చెబుతున్నాడు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలకు నీళ్లు రావాల్సిందే. కానీ కాలువ పారిన ప్రతి చేనూ మాగాణి అయిపోతుందా?

దగ్గర్లోనే నిమ్మతోట గట్టున తవ్విన గుంత ఒకటి ఉంటే దిగి చూశాను. పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద తెల్లటి సుద్ద. మట్టి తడిపి వేళ్ల మధ్య నొక్కితే సాగలేదు, గరగరమని రాలిపోయింది. ఇలాంటి చేలో వరి పెడితే నీళ్లు నిలవవు. దిగిపోయి, సుద్ద మీద ఆగి, పక్కనున్న పల్లపు చేలో ఊటగా తేలతాయి. ఆ ఊట ఎండలో ఆవిరై ఉప్పును పైకి తెస్తుంది. చౌడు పుట్టేది ఇలాగే.

నేల చూడకుండా కాలువ తవ్వితే ఏమవుతుందో కర్నూలు-కడప కాలువ చెబుతుంది. 1860ల్లో ఇంగ్లీషు కంపెనీ ఒకటి సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తెచ్చింది. తీరా చూస్తే రైతులు నీళ్లు తీసుకోలేదు. వాళ్లది నల్లరేగడి. వాన తడిని కడుపులో దాచుకుని జొన్న, పత్తి పండించే నేల. దానికి నీటితీరువా కట్టి తడి పెట్టడమెందుకు? చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది.

అందుకే ముందు నేలను పరీక్షించండని ఎన్నాళ్లుగానో రాస్తున్నాను. అయితే తుంగభద్ర డ్యాం విషయంలో ఆ పని జరిగింది. డ్యాం కట్టకముందే, 1937లో, సిరుగుప్పలో పరిశోధన కేంద్రం పెట్టి నల్లరేగడికి తడి ఎలా పెట్టాలో చూశారు. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆరుతడి పంటలకే అన్నారు. కానీ నీళ్లు రాగానే కాలువ ఎగువ రైతులు వరికి దిగారు. వేల ఎకరాలు ఉప్పుతేలి ఊటబారాయి. చివరి భూములకు నీళ్లు అందలేదు. పరీక్ష తప్పు కాదు. నేల ఒకటి చెబితే చేలో ఇంకొకటి వేశారు, మురుగు కాలువ సంగతి వదిలేశారు.

ఇప్పుడు నాకు తోచేది ఇదీ: "ఈ నేల తడికి పనికొస్తుందా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఏ పంటకు, ఎంత తడి, మిగిలిన నీరు ఎటు పోతుంది? ఇవి కలిపి అడగాలి. నేను చూసిన ఆ మొరం చేను వరికి పనికిరాదు. అదే డ్రిప్పు పెట్టిన నిమ్మకు పనికిరావచ్చు, ఎందుకంటే నిమ్మకు వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పడదు. వరికి కాదన్నారని దాన్ని ఆయకట్టు నుంచి తీసేస్తే అన్యాయం.

ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. పంట కాలువ గీసిన మ్యాపులోనే మురుగు కాలువ కూడా గీయండి. రైతన్నలూ, చేను కొనేముందు గుంత తవ్వండి, ఆ చేనికి పల్లాన ఎవరి చేనుందో కూడా చూడండి.