సూచికలో ఇంటిపేరు: పేర్ల అనుసంధానంపై ఒక పరిశీలన

విశ్వనాథ సత్యనారాయణ పేరులో ‘విశ్వనాథ’ ఇంటిపేరు. రాచకొండ విశ్వనాథశాస్త్రి పేరులో అదే మాట వ్యక్తినామం. తెలుగు పాఠకునికి ఇందులో సందేహం లేదు. చివరి పదాన్నే ఇంటిపేరుగా స్వీకరించే కంప్యూటర్ సూచికలో మాత్రం కల్పవృక్షకర్త ‘సత్యనారాయణ, వి.’గా మారి, ఆ పేరుగల అసంఖ్యాకులలో ఒకరవుతారు.

పత్రాలలోని పేర్లను వ్యక్తులతో సరిపోల్చే పద్ధతికి గణిత పునాది 1969లో ఫెలెగి, సంటర్ ప్రచురించిన వ్యాసం. అరుదైన పేరు రెండు పత్రాలలో కలిస్తే బలమైన సాక్ష్యం, సాధారణమైన పేరు కలిస్తే బలహీనమైన సాక్ష్యం అన్నది అందులోని ఒక ముఖ్యాంశం. సూత్రంలో దోషం లేదు. అయితే అరుదు అన్నది ఎవరి జనాభాలో? పాశ్చాత్య నామాల పట్టికపై ఆధారపడిన వ్యవస్థకు ‘సత్యనారాయణ’ అపురూపం. అన్నవరం దేవుని పేరు తెలుగునాట ఊరూరా వినిపిస్తుందని దానికి తెలియదు. కనుక ఇద్దరిని ధీమాగా ఒకరిగా కలుపుతుంది.

ధ్వనిసామ్యంపై ఆధారపడిన సౌండెక్స్‌కు 1918లో పేటెంటు లభించింది. ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్‌లతో రాసినా, ఎక్స్‌తో రాసినా అది ఒకే సంకేతం ఇస్తుంది, ఆ మేరకు మెచ్చదగినదే. కాని మొదటి అక్షరాన్ని యథాతథంగా నిలుపుతుంది. ‘ఎర్రాప్రగడ’ను ఒకరు ఇ అనీ, మరొకరు వై అనీ మొదలుపెడితే, ‘జ్ఞానేశ్వర’ను ఒకరు జి, మరొకరు జె అంటే, ఒకే వ్యక్తి ఇద్దరవుతాడు.

ఈ రెండు దోషాలు సమానం కావు. ఒకరు ఇద్దరైతే ఆ లోటు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఇద్దరు ఒకరైతే ఒకరి సిద్ధాంతగ్రంథం మరొకరి ఖాతాలో చేరుతుంది. పదోన్నతికి ప్రచురణలను లెక్కించే అధికారికి అనుమానమే రాదు. అందుకే ఫెలెగి, సంటర్ ‘జత’, ‘జత కాదు’ అనే తీర్పుల మధ్య మూడవ వర్గాన్ని ఉంచి, దానిని మనుషుల పరిశీలనకు వదిలారు. సిద్ధాంతంలో అత్యంత వివేకవంతమైన భాగం ఇదే. పత్రాలు కోట్లకు చేరిన చోట మొదట కోతపడేదీ ఇదే.

2012లో ప్రారంభమైన ఆర్కిడ్ పదహారంకెల గుర్తింపు నమోదు చేసుకున్న పరిశోధకునికి ఉపకరిస్తుంది; గతించిన రచయితకు కాదు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అనీ, భాగవతుల సదాశివశంకరశాస్త్రి ఆరుద్ర అనీ, పోపూరి లలితకుమారి ఓల్గా అనీ ఏ అక్షరసామ్యమూ చెప్పజాలదు. అది గ్రంథాలయ నామసూచికలలో ఎవరో తెలిసి చేర్చవలసిన సమాచారం. విశ్వవిద్యాలయ భాండాగారాలలో సిద్ధాంతగ్రంథాన్ని నమోదు చేసేటప్పుడే ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి, తెలుగు లిపిలో పూర్తి పేరుకు మరొక గడి కేటాయిస్తే ఈ చిక్కులో సగం అక్కడే విడిపోతుంది.