భద్రాద్రికి నేలకొండపల్లి మీదుగా

భద్రాచలం పోతున్నామని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగేది, "ఏ దారిన?" అని. అడిగింది బస్సు గురించనుకుని చెప్పేస్తారు. తెల్లారుజామున ఖమ్మంలో ఎక్కడం, కొత్తగూడెంలో టిఫిను, పాల్వంచ, సారపాక, గోదావరి వారధి, దర్శనం, ప్రసాదం, వీలుచిక్కితే పర్ణశాల, చీకటి పడేసరికి ఇల్లు. పుణ్యానికి ఇది చాలు. ఊళ్లు చూడటమనే విద్యకు చాలదు.

పోలికకు ఒక ఊరు చెబుతాను. సిసిలీ దీవిలో సిరాక్యూస్ అని పాత రేవుపట్నం ఉంది. క్రీస్తుకు ముందు 5వ శతాబ్దంలో గ్రీకులు ఎథీనా దేవతకు కట్టిన గుడి స్తంభాలు అక్కడి పెద్ద చర్చి గోడల్లో ఈనాటికీ నిలబడి ఉన్నాయి. 1693 భూకంపం తర్వాత అదే చర్చికి ముందువైపు బరోక్ పద్ధతిలో స్తంభాలు, విగ్రహాలతో ఆడంబరంగా కొత్త ముఖం పెట్టారు. దగ్గర్లోని నోటో ఊరినైతే పాతచోటు వదిలేసి వేరేచోట కట్టుకున్నారు. ఒక్క గోడ ముందు నిలబడితే రెండువేల ఏళ్లు కనబడతాయి. యాత్రికుడికి శ్రమ లేదు.

మనకూ అంత పాతదనం ఉంది. కాకపోతే ఒక్కచోట లేదు. ఖమ్మానికి ఇటు కొంత, అటు అడవిలో కొంత విడివిడిగా పడి ఉంది. దాన్ని కలుపుకోవాల్సింది చూసేవాళ్లే.

అందుకే భద్రాచలం పోయేవాళ్లను ముందు ఎదురుదిక్కుకు పొమ్మంటాను. ఖమ్మం నుంచి కోదాడ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే నేలకొండపల్లి. రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఆయన పేర ధ్యానమందిరం కట్టారు. ఆ ఊరి పొలిమేరలోనే క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి బౌద్ధ మహాస్తూపం ఉంది. దగ్గరికి పోయి ఇటుకలు చూడండి. మన ఇళ్లకు వాడేవాటి పక్కన పెడితే ఎంత పెద్దవో! తవ్వకాల్లో కంచు బుద్ధుడు, పాలరాయిలా మెరిసే సున్నపురాతి శిల్పాలు దొరికాయి. తవ్వకముందు ఇక్కడి దిబ్బల్ని జనం విరాటరాజుకు ముడిపెట్టి, కీచకుడి కథ చెప్పుకున్నారు. గోపన్న కూడా ఆ కథలు వింటూనే పెరిగి ఉంటాడు.

ఆ గోపన్నే తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారై, వసూలైన పైకంతో గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పడ్డాడు. 1687లో మొగలాయిలు గోల్కొండను పట్టుకున్నారు. సిసిలీ భూకంపానికి అది ఆరేళ్ల ముందు. ఖైదు చేసిన రాజ్యం పోయింది, గుడి మిగిలింది. ఆయన చేయించిన చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి గుడి సొత్తుగా ఉన్నాయి. అక్కడ రాతికి ఆడంబరం తొడిగారు, ఇక్కడ దేవుడికి నగలు చేయించారు.

గోపన్నకు ముందు దమ్మక్క ఉంది. అడవిలో విగ్రహాలను మొదట చూసి, తాటాకు పందిరి వేసి, పండో ఫలమో పెట్టింది ఆ గిరిజన స్త్రీయేనని స్థలపురాణం. నాలుగు చేతుల రాముడు, ఎడమ తొడమీద సీతమ్మ. ఆ రూపం ముందు నిలబడ్డప్పుడు తహసీల్దారుతో పాటు ఆమెనూ తలుచుకోవడం న్యాయం.

ఇంకా వెనక్కి పోవాలంటే సారపాక నుంచి మణుగూరు వైపు తిరగాలి. దాన్ని దాటి పినపాక అడవి పక్కన జానంపేట ప్రాంతంలో జనం రాకాసిగూళ్లనేవి ఉన్నాయి. పేకముక్కలతో ఇల్లు కట్టినట్టు నాలుగు బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పిన బృహత్‌శిలాయుగపు సమాధులు. కొన్నింటి లోపల ఒకే రాయిని తొలిచిన తొట్టి ఉంటుంది. గోదావరి లోయ ఇసుకరాయి పలకలుగా విడివడుతుంది కాబట్టి ఆ పని సాధ్యమైంది. ఇటలీ బిషెలియేలో ఇలాంటి ఒక్కదాన్ని చూడటానికి జనం ఊళ్లు దాటి వస్తారు. ఇక్కడ చెట్ల మధ్య వందల కొద్దీ ఉన్నా ఆగేవాళ్లు తక్కువ.

సిసిలీవాళ్లకు భూకంపమైతే మనకు గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు చేరాయి. ఇప్పుడు ఊరికి కరకట్ట కాపలా. ఊరు దాటి ఎటపాకలో అడుగుపెడితే 2014 నుంచి వేరే రాష్ట్రం. నది, సరిహద్దు రెండూ ఈ నేలను పదేపదే మార్చి రాశాయి.

నవమి రద్దీలో ఇవేవీ కుదరవు. చలికాలంలో రెండు రోజులు పెట్టుకుని మొదటిరోజు నేలకొండపల్లి, రెండోరోజు తెల్లారి రాకాసిగూళ్లు చూడండి. అడవిలోకి దారి తెలిసిన ఆ ఊరివాళ్లను వెంట తీసుకుపోండి. గుడికి సాయంత్రం పొండి. వరస మారితే దర్శనంలో తేడా రాదు, మీరు అడిగే ప్రశ్నల్లో వస్తుంది.