నకజావా కేజీ చిత్రకథ

చిత్రకథ యనగానే మన పండితులు పెదవి విరుతురు. బొమ్మలు పసివారికి, అక్షరములు పెద్దలకు నను భేదము మనలో పాతుకొని యున్నది. జపానీయులు ‘మాంగా’ యని పిలుచు చిత్రకథలలో నకజావా కేజీ రచించిన ‘హదషి నో గెన్’, అనగా ‘వట్టికాళ్ల గెన్’, చదివినవారి కీ భేదము నిలువదు.

ఈతడు 1939లో హిరోషిమాలో జన్మించెను. తండ్రి చిత్రకారుడు, యుద్ధవిరోధి. 1945 ఆగష్టు 6వ తేదీని అణుబాంబు పడునప్పుడు కేజీ బడి గోడచాటున నుండుటచే బ్రతికెను. తండ్రియు, అక్కయు, తమ్ముడును మరణించిరి. ఆ దినముననే తల్లి ప్రసవించిన యాడుశిశువు కొలది మాసములకే కన్నుమూసెను. టోక్యోలో చిత్రకథకుడైన పిదపను ఈతడు చాలకాలము బాంబు మాట యెత్తలేదు. 1966లో తల్లి మరణింపగా, దహనానంతరము అస్థులు మిగులకుండుట చూచి, వానిని సైతము బాంబు హరించెనని క్రుద్ధుడై కలము పట్టెను. 1973లో బాలుర వారపత్రికయం దారంభమైన ‘గెన్’, పత్రికలు మారుచు, 1987 నాటికి పది సంపుటములలో ముగిసెను. దానిలో కొంత భాగమును ప్రకటించినది ఉపాధ్యాయసంఘ పత్రిక.

ఈ గ్రంథమునందలి గుణ మేది? శత్రువు చేసిన నేరమును చూపి స్వజనుల నేరమును కప్పిపుచ్చకుండుట. గెన్ కుటుంబమును దేశద్రోహులని వేధించు నిరుగుపొరుగు, కొరియా దేశీయుడగు పాకును హీనముగ చూచు సమాజము, కాలినగాయములవారిని చూచి యసహ్యించుకొను బంధువులు, అందరు నిందు తమ ముఖమును చూచుకొనవలసినదే. దోషములు లేకపోలేదు. దుష్టపాత్రల ముఖములు ఏకరీతిగ నుండును. తగవులు తరచుగ పిడికిటితో ముగియుట విసుగు గొల్పును. పీనుగుల నడుమ వినిపించు హాస్యము కొందరికి రుచింపదు. కాని యా హాస్యమే లేనిచో బాలు డీ కథను తుదివరకు చదువజాలడు.

స్వచ్ఛందసేవకుల కృషిచే నీ గ్రంథము ఆంగ్లాది భాషలకెక్కెను. అమెరికా చిత్రకథకుడు ఆర్ట్ స్పీగెల్మన్ ఆంగ్లప్రతికి పీఠిక వ్రాసెను. స్వదేశమున జరిగిన దేమి? 2012 డిసెంబరులో, నకజావా మరణించిన నెలలోనే, మత్సుయే నగర విద్యాధికారులు దీనిని పిల్లల కందకుండ లోపల నుంచుడని బడులను కోరిరి. నిరసన చెలరేగగా 2013 ఆగష్టులో ఆ కోరిక నుపసంహరించిరి. 2023లో హిరోషిమా నగరమే తన శాంతిపాఠ్యమునుండి దీనిని తొలగించెను. కృశించిన తల్లికై గెన్ చేపను దొంగిలించుటను పిల్లలు అపార్థము చేసికొందురట!

బడిలో పాఠము చెప్పు మాబోటివా రిచట నొకటి యడుగవలసి యున్నది. చేపను దొంగిలించిన బాలుని చూపుటకు వెరచు పాఠ్యము, ఆ బాలుని యన్నమును దొంగిలించిన యుద్ధము నెట్లు బోధించును? పిల్లవాడు భయపడినచో ప్రక్కన కూర్చుండి చదివించుటయే యుపాధ్యాయుని ధర్మమని మా యభిప్రాయము.