వజ్రాన్ని కాల్చే గాలి

వజ్రం కాలుతుంది. మామూలు గాలిలో సుమారు 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర, శుద్ధ ఆక్సిజన్‌లో ఇంకా తక్కువ వేడికే అంటుకుంటుంది. వజ్రమంటే దాదాపు పూర్తిగా కర్బనమే కాబట్టి చెప్పుకోదగ్గ బూడిద కూడా మిగలదు. ఒక్కో కర్బన పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుని కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఒక క్యారెట్ రాయి, అంటే 0.2 గ్రాములు, పూర్తిగా కాలితే సుమారు 0.73 గ్రాముల వాయువు పుడుతుంది.

ఇంత చిన్న సంగతి తేలడానికి నూరేళ్లు పట్టింది. 1694-95లో ఫ్లారెన్స్‌లో పెద్ద భూతద్దంతో ఎండను వజ్రం మీదికి మళ్లిస్తే రాయి మాయమైంది. ఆవిరైందో, పొడి అయిందో, కాలిందో తెలియలేదు. 1770ల మొదట్లో పారిస్ రత్నవర్తకులు మాత్రం కొలిమి వేడికి వజ్రం చెక్కుచెదరదని గట్టిగా వాదించారు. బొగ్గుపొడిలో కూరి, గాలి చొరకుండా మూసి, ఎర్రగా కాల్చి, రాళ్లను క్షేమంగా బయటికి తీసి చూపించారు. ఆ వర్తకుల అనుభవం అబద్ధం కాదు. వేడి ఒక్కటే చాలదని, గాలి కూడా కావాలని ఆ అనుభవమే చెబుతోంది. 1772లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లవోయిజియే మూసిన పాత్రలో వజ్రాన్ని కాల్చి లోపలి గాలిని పరీక్షించాడు. బొగ్గు కాలినప్పటిలాగే అది సున్నపు తేటను తెల్లబరిచింది.

అయినా అసలు రుజువు తూకంతోనే వచ్చింది. 1797లో ఇంగ్లీష్ రసాయన శాస్త్రవేత్త స్మిత్సన్ టెనంట్ బంగారు గొట్టంలో సురేకారంతో వజ్రాన్ని కాల్చి, అంతే బరువున్న బొగ్గు ఎంత వాయువు ఇస్తుందో వజ్రమూ అంతే ఇస్తుందని చూపాడు. 1814లో మరో ఇంగ్లీష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ, సహాయకుడు ఫారడేతో కలిసి, ఫ్లారెన్స్‌లోని ఆ పాత భూతద్దంతోనే ఆక్సిజన్ నిండిన పాత్రలో వజ్రాన్ని కాల్చాడు. నీటి చెమ్మ కనబడలేదు. అంటే అందులో హైడ్రోజన్ లేదు.

బొగ్గుకూ వజ్రానికీ తేడా పదార్థంలో లేదు, అమరికలో ఉంది. వజ్రంలో ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటితో నలుదిక్కులా బిగిసి ఉంటుంది. కర్బనపు మరో రూపమైన గ్రాఫైట్‌లో మూడింటితోనే కలిసి పొరలుగా పరుచుకుంటుంది. ఆ పొరలు సులువుగా జారతాయి. గాలి తగలకుండా 1500 డిగ్రీలు దాటించి వేడిచేస్తే వజ్రం కాలదు, మెల్లగా గ్రాఫైట్‌గా మారుతుంది.

వజ్రం పొదిగిన ఉంగరానికి అతుకు వేసే కంసాలికి ఈ రసాయనం రోజువారీ విషయం. ఊదుమంట రాయికి తగిలితే పైభాగం కాలి తెల్లగా మసకబారుతుంది. అందుకే ముందుగా బోరిక్ ఆమ్లం పూస్తారు. అది కరిగి పలుచటి గాజుపొరలా రాయిని కప్పి, ఆక్సిజన్‌ను దూరంగా ఉంచుతుంది. వేడి రాయిని నీళ్లలో ముంచకుండా దానంతటదే చల్లారనిస్తారు. మసకబారిన రాయిని మళ్లీ సానపెట్టి మెరిపించవచ్చు, కాకపోతే కొంత బరువు పోతుంది.