దయ్యము, చాంద్రరోగము, రుగ్మత: పేరు పెట్టుటకు ముందు – ఒక విమర్శనాత్మక పరిశీలన

సాలూరు ప్రాంతపు కొండ గ్రామాలలో ఒక వ్యక్తి మనస్సు చెదిరినప్పుడు తరచుగా వినబడే మాట "గాలి సోకింది", లేక "చిల్లంగి పెట్టారు". సంఘములో దానినే "దయ్యము" అంటారు. ఆసుపత్రి చీటీ మీద మరొక పేరు ఉంటుంది. రోగిని ఎజ్జోడి యొద్దకు తీసుకొనిపోవాలా, ఉపవాస ప్రార్థనకా, వైద్యుని యొద్దకా అన్నది పెట్టిన పేరే నిర్ణయిస్తుంది. చిల్లంగి అన్న పేరు నిరపరాధియైన పొరుగువాని ప్రాణము మీదికి కూడ తెస్తుంది. కాబట్టి వైద్యశాస్త్రపు వర్గీకరణను సంఘ కాపరులు ఏ విధముగా చదవాలో ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

వర్గీకరణ చెప్పునది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించగా 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఐసిడి-11, మానసిక రుగ్మతలను ఆరవ అధ్యాయములో ఉంచింది. అది చాలావరకు కారణమును బట్టి కాక లక్షణములు, వాటి కాలము, జీవితమునకు కలిగే ఆటంకము, వీటిని బట్టి పేరు పెడుతుంది. పూనకమునకు కూడ అందులో 6బి63 అను సంఖ్యతో స్థానమున్నది. అయితే ప్రతి పూనకము రుగ్మత కాదు. అది తన ప్రమేయము లేకుండ, తనకు ఇష్టము లేకుండ వచ్చి, తీవ్రమైన బాధనో ఆటంకమునో కలిగించాలి. సమాజము అంగీకరించిన మత, సాంస్కృతిక ఆచారములో భాగమై ఉండకూడదు. గ్రామదేవత పండుగలో పూనకము వచ్చి, మరునాడు పొలము పనికి పోయే స్త్రీని ఈ గ్రంథము రోగి అనదు. ఆ ఆరాధనతో మేము ఏకీభవించము. అంతమాత్రమున ఆమెను పిచ్చిది అనుటకు మాకు హక్కు లేదు. సమాజపు మత విశ్వాసములతో ఏకీభవించకపోవుట మానసిక రోగ నిర్ధారణకు ఆధారము కారాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ చెప్పుచున్నది.

మా అభ్యంతరము

"సమాజము అంగీకరించిన" అన్నప్పుడు ఏ సమాజము? అత్తవారిది పూర్వపు ఆచారము, పుట్టింటివారిది క్రైస్తవ సంఘము అయిన కోడలికి పూనకము వస్తే, ఒకరు అమ్మవారు అంటారు, మరొకరు దయ్యము అంటారు. ఇద్దరి అంగీకారమును తూచే త్రాసు ఆ నిర్వచనములో లేదు. అయితే దానిలోనే మరొక మంచి కొలత ఉన్నది: ఆమెకు అది ఇష్టమా? అది ఆమెను బాధించుచున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది అత్తవారు కాదు, కాపరి కాదు, ఆమెయే. ఇంటి భాష కువి అయినవారిని ఆ భాషలోనే అడగాలి.

వాక్యపు వెలుగులో

మత్తయి 4:24 దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేర్వేరుగా పేర్కొన్నది. అయితే 17వ అధ్యాయములో చాంద్రరోగియైన చిన్నవానిలో నుండి దయ్యము వెళ్లినదని అదే సువార్తికుడు వ్రాసెను. అనగా గీత గీసి రెండు గదులు చేయుటకు వాక్యము మనకు అంత సులువుగా చోటు ఇవ్వదు. ఆ చిన్నవాని లక్షణములను పోలిన మూర్ఛరోగమును నేటి వర్గీకరణ మానసిక రుగ్మతలలో చేర్చనే లేదు. నాడీవ్యవస్థ వ్యాధులలో ఉంచింది. కాబట్టి మూర్ఛ వచ్చిన బిడ్డ మందులు మాన్పించుటకు ఈ వాక్యభాగమును ఆధారము చేసికొనుట ఘోరమైన పొరపాటు. మార్కు 9:21లో ప్రభువు స్వస్థపరచక ముందు, ఇది ఎంత కాలమునుండి సంభవించుచున్నదని తండ్రిని అడిగెను. వైద్యుడు మొదట అడుగు ప్రశ్న కూడ అదే.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చెంత స్వస్థత కొరకు తెచ్చిన రోగులు ఉన్న ఆశ్రమములో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టబడిన 28 మంది మరణించారు. ఇది ఒక మతమునకు మాత్రమే పాఠము కాదు. మన ప్రార్థనా మందిరములలో ఎవరైనా కట్టబడి ఉంటే ఆ గొలుసు మనదే.

ప్రార్థన మానవలెనని మేము చెప్పుట లేదు. అడుగక ముందే పేరు పెట్టకూడదని, ప్రార్థన పేరట మందు ఆపకూడదని చెప్పుచున్నాము. గెరాసేనుల దేశములో స్వస్థపడినవానిని యేసు తన వెంట రానియ్యక ఇంటివారియొద్దకు పంపెను. స్వస్థతకు గురుతు కేకలు ఆగుట మాత్రమే కాదు, ఆ మనిషి మరల తన ఇంటిలో, తన వారి మధ్య కూర్చుండుట.