పొగలో కార్బన్‌ను పట్టడం: శక్తి, వ్యయం – ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించినప్పుడు రైతులు, మత్స్యకారులు ఎదురుతిరిగారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే జిల్లాలోని కాకరాపల్లి తంపర భూముల్లో అంతే సామర్థ్యంతో తలపెట్టిన కేంద్రం విషయంలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు జరిగాయి. రెండుచోట్లా ప్రజల ఆందోళన నేల గురించి, నీటి గురించి, బూడిద గురించి.

"పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేస్తే బొగ్గు కేంద్రం కూడా శుభ్రమైనదే" అనే వాదన ఇప్పుడు వినిపిస్తోంది. కార్బన్ గ్రహణంపై నీతి ఆయోగ్ 2022 నవంబరులో విధాన నివేదికను కూడా వెలువరించింది. ఈ వాదన లెక్కకు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

శక్తి ఎక్కడ ఖర్చవుతుంది?

బొగ్గు కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 12–14 శాతం మాత్రమే. అధిక భాగం నత్రజని. పొగను అమీన్ ద్రావణంతో కలిపినప్పుడు ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ఆ ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే వాయువు విడిపోతుంది. శక్తిలో ఎక్కువ భాగం ఈ రెండో దశకే పోతుంది. సాధారణ అమీన్‌తో టన్నుకు 3.5 గిగాజౌళ్లు లేదా అంతకు మించిన వేడి కావాలి. అందుకు టర్బైన్‌కు వెళ్లవలసిన ఆవిరినే మళ్లిస్తారు. ఆపైన వాయువును 100 వాతావరణ పీడనాలకు మించి సంపీడనం చేయడానికి టన్నుకు సుమారు 100 యూనిట్ల విద్యుత్తు అవసరం. మొత్తం మీద కేంద్రం ఇచ్చే విద్యుత్తులో 20–30 శాతం తగ్గుతుంది.

వ్యయాన్ని ఎలా కొలవాలి?

పట్టిన టన్ను వేరు, నివారించిన టన్ను వేరు. మామూలు కేంద్రం యూనిట్‌కు 0.9 కిలోల వాయువు వదులుతుందనుకుందాం. విద్యుత్తు 25 శాతం తగ్గితే, బయటికిచ్చే ప్రతి యూనిట్‌కు 1.2 కిలోలు పుడుతుంది. అందులో 90 శాతం, అంటే 1.08 కిలోలు పడతాం; 0.12 కిలోలు గాలిలో కలుస్తుంది. నిజంగా తగ్గినది 0.78 కిలోలు మాత్రమే. పట్టిన టన్నుకు 5,000 రూపాయలనుకుంటే, నివారించిన టన్నుకు సుమారు 6,900 రూపాయలవుతుంది. యూనిట్ ధర 5 రూపాయల 40 పైసలు పెరుగుతుంది. రవాణా, నిల్వ ఖర్చులు ఇందులో చేరలేదు.

నిల్వ కూడా చిన్న విషయం కాదు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతం ప్రధానంగా ఖొండలైట్ వంటి గట్టి శిలలది. వాయువును దాచగల అవక్షేప శిలల కోసం కృష్ణా–గోదావరి బేసిన్ వైపు చూడాలి.

అనుభవం ఏం చెబుతోంది?

కెనడాలోని బౌండరీ డ్యామ్ కేంద్రంలో 2014 నుంచి ఒక యూనిట్ ఈ పద్ధతిలో నడుస్తోంది. కనుక ఇది సాంకేతికంగా అసాధ్యం కాదు. అమెరికాలోని పెట్రా నోవాలో గ్రహణానికి కావలసిన ఆవిరి కోసం విడిగా గ్యాస్ కేంద్రాన్నే కట్టారు. పట్టిన వాయువును చమురు వెలికితీతకు వాడేవారు; చమురు ధర పడిపోగా 2020లో గ్రహణం ఆగి, 2023లో మళ్లీ మొదలైంది. మనదేశంలో ఎన్టీపీసీ వింధ్యాచల్ ప్రయోగ యూనిట్ సామర్థ్యం రోజుకు 20 టన్నులు. పూర్తి సామర్థ్యంతో నడిచే 500 మెగావాట్ల యూనిట్ అంత వాయువును మూడు నిమిషాలలోపే వదులుతుంది.

సోంపేటకు అన్వయిస్తే

2,640 మెగావాట్ల కేంద్రానికి ఈ యంత్రాంగం జతచేస్తే 1,980 మెగావాట్లే మిగులుతాయి. లోటు పూడ్చాలంటే 3,520 మెగావాట్ల కేంద్రం కట్టాలి. అంటే బొగ్గు, బూడిద మూడో వంతు పెరుగుతాయి. చల్లబరచడానికి నీరు కూడా ఎక్కువ కావాలి. బీల రైతు భయపడిన మూడూ పెరిగి, అతడు అడగని ఒకటి తగ్గుతుంది. వాతావరణానికి ఆ తగ్గుదల అవసరమే. అయితే దాన్నిబట్టి కేంద్రాన్ని "శుభ్రమైనది" అనడం స్థానిక ప్రశ్నకు జవాబు కాదు.

కొత్త ద్రావణాలు వేడి అవసరాన్ని తగ్గిస్తున్నాయి. బొగ్గు మండించకపోయినా వాయువు వెలువడే సిమెంటు వంటి పరిశ్రమల్లో గ్రహణానికి బలమైన కారణముంది. విద్యుత్తుకు మాత్రం సౌర, పవన మార్గాలున్నాయి. వాటి వ్యయంతో పోల్చాకే నిర్ణయించాలి.

స్వయం పరీక్ష: విద్యుత్తు నష్టం 20 శాతమే అయితే, పై లెక్కలో నివారించిన టన్ను వ్యయం ఎంత? (జవాబు: సుమారు 6,430 రూపాయలు)