రంగు చూడకు, అక్షరం చూడు

కే-40 చైనాలో తయారై రకరకాల పేర్లతో దేశదేశాలు తిరిగే చౌక లేజర్ కటర్. రేకు పలచన. అద్దాలు కుదురుగా రావు. పేరుకు 40 వాట్లన్నా ట్యూబు ఇచ్చేది అంతకు తక్కువే. అయినా కుడివైపు మూత ఎత్తి పవర్ సప్లైని ఓపిగ్గా చూస్తే, అక్కడ ఎవరో బాగా ఆలోచించి పని చేశారని తెలుస్తుంది.

సప్లైకి రెండు పనులు. ఇంటి కరెంటును 20,000 వోల్టుల దాకా పెంచి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాజు ట్యూబుకు పంపడం ఒకటి. అదే కరెంటును తగ్గించి మోటార్లకు 24 వోల్టులు, కంట్రోల్ బోర్డుకు 5 వోల్టులు ఇవ్వడం రెండోది. పాతది పోయి కొత్తది బిగించేటప్పుడే చిక్కొస్తుంది. కనెక్టర్ల వరస మారుతుంది. వైర్ల రంగులకు ఒక పద్ధతంటూ ఉండదు. అందుకే రంగులను పక్కనపెట్టి, టెర్మినల్ పక్కన ముద్రించిన అక్షరాలనే నమ్మాలి.

బోర్డు నుంచి వచ్చే నాలుగు వైర్లలో 24వి, జి, 5వి తేలిగ్గా అర్థమవుతాయి. నాలుగోదైన 'ఎల్' లో ఉంది తెలివంతా. దాన్ని గ్రౌండుకు లాగితేనే లేజర్ వెలుగుతుంది. వైరు తెగినా, ఊడినా కిరణం రాదు. కొన్ని సప్లైలలో ఇదే 'టీఎల్' అని ఉంటుంది, పక్కనే 'టీహెచ్' కూడా ఉంటుంది. ఆ రెండోది వోల్టేజి పైకి లేస్తే పనిచేస్తుంది. బోర్డు వైరును అక్కడ బిగిస్తే ఆజ్ఞ తలకిందులవుతుంది. 'ఎల్ మైనస్' మాత్రం వీటికి చుట్టం కాదు. ట్యూబు నుంచి కరెంటు తిరిగొచ్చే దారి అది. ముందు ప్యానెల్ మీది మిల్లీఆంపియర్ మీటరు ఆ దారిలోనే ఉంటుంది. మీటరు వైరు వదులైతే హై వోల్టేజి వేరే దారి వెతుక్కుంటుంది, పెట్టెలో నిప్పురవ్వలు లేస్తాయి.

'పి' అనే టెర్మినల్‌ను 'జి'తో కలిపితేనే లేజర్ వెలిగించడానికి సప్లై ఒప్పుకుంటుంది. కొన్నింటిలో దీని పేరు 'డబ్ల్యూపీ'. నీటి ప్రవాహం చూసే స్విచ్చు, మూత స్విచ్చు ఈ రెంటి మధ్య వరసగా వేస్తారు. పండగ సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే అన్నీ ఆరినట్టు, ఏ ఒక్క స్విచ్చు తెరుచుకున్నా లేజర్ ఆగుతుంది. ఇక 'ఇన్'కు పొటెన్షియోమీటరు నడిమి కాలు వస్తుంది. అక్కడ 0 నుంచి 5 వోల్టుల మధ్య ఎంత ఉంటే కిరణానికి అంత బలం.

ఇలా ఒక్కో పనికి ఒక్కో వైరు ఉండటం వల్ల తప్పు పట్టుకోవడం సులువవుతుంది. ముందు నీళ్లు తిరిగేలా చేసి, మూత వేసి, సప్లై మీదున్న చిన్న టెస్ట్ బటన్ నొక్కాలి. మీటరు ముల్లు కదిలి, కింద పెట్టిన చెక్క మీద మచ్చ పడితే ట్యూబూ సప్లై రెండూ బాగున్నట్టే; లోపం కంట్రోల్ వైర్లలో గానీ బోర్డులో గానీ ఉంది. తర్వాత ప్యానెల్ మీది టెస్ట్ బటన్. అదీ పనిచేసి, డిజైన్ పంపితే మాత్రం గీత పడకపోతే 'పి', 'ఇన్' రెండూ నిర్దోషులు. మిగిలేది ఎల్ వైరు, లేదా బోర్డు. వైర్లు మార్చి మార్చి తగిలించి చూసేవాళ్లు ఒక బోర్డు కాల్చుకున్నాక ఈ వరసకే వస్తారు.

మోటారు తిరగకుండా వణికితే కాయిళ్ల జతలు కలిసిపోయాయేమో చూడాలి. మోటారు ప్లగ్గు తీసి మల్టీమీటరుతో కొలిస్తే, కొద్ది ఓములు చూపే రెండు వైర్లు ఒక జత.

మల్టీమీటరును ట్యూబుకు వెళ్లే హై వోల్టేజి వైరు దగ్గరకు మాత్రం తీసుకెళ్లకండి. మామూలు మీటరు 1000 వోల్టులు దాటితే తట్టుకోదు. వైర్లు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకేసి కాసేపు ఆగండి. ఎర్త్ వైరు బిగించేచోట పెట్టె రంగు గీకి, లోహం కనిపించేలా చేయండి. మన ఇళ్లలో చాలా సాకెట్లకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య సుమారు 230 వోల్టులు చూపకపోతే ఆ సాకెట్లో ఈ యంత్రాన్ని పెట్టొద్దు, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.